కవిగారికి కళాయి

నిన్న రీడింగు రూములో నా ఉపన్యాసం ఒక్క వాక్యంతో ఎందుకాగిపోయిందని ఊరంతా అడుగుతోంది. ఊరికి చెప్పను గానీ, మీకు చెప్తాను. టీ చల్లారకముందే వినండి.

ఆడవాళ్ళకి చదువుండాలని పద్యాలు రాసి, జీవితమంతా తిట్లు తిన్న ఆ కవిగారి జ్ఞాపకార్థం ఆయన ముఖం అచ్చుపోసి కంచు పతకాలు చేయించేరు కదా. మన చోడవరానికీ ఒకటొచ్చింది. సభలో డిప్యూటీ కలెక్టరుగారు దాన్ని ఆవిష్కరించాలి. పొద్దున్నే రీడింగు రూము ప్రెసిడెంటు నాయుడుగారు దాన్ని పట్టుకుని మా గుమ్మంలోకొచ్చేరు.

"నల్లగా ఉందమ్మా. కాస్త తోమిపెట్టండి. మీ ఆడవాళ్ళకి అలవాటే కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తోమడానికి నేనూ, మైకు ముందు మీరూనా? నాకూ మాట్లాడే టైమిస్తేనే తోముతాను!"

ఆయన బుర్ర గోక్కుని సరేనన్నారు. ఈ ఊళ్ళో ఆడది సభలో నోరు విప్పడం ఇదే మొదలు. వీధిలో విప్పడం వేరే లెక్క!

చింతపండూ బూడిదా వేసి తోమేను. బంగారంలా మెరిసింది. ఉపన్యాసం రాసుకుని వచ్చి చూద్దును కదా, పచ్చగా చిలుం! మళ్ళీ తోమేను. మళ్ళీ చిలుం! కవిగారు నామీద కక్ష కట్టేరు.

సరిగ్గా అప్పుడే వీధిలో కేక: "కళాయీ! గిన్నెలకి కళాయీ!" వడ్డాది నుంచొచ్చే మస్తాన్ సాయిబు. చిలుం పట్టే గిన్నెకి ఏం చేస్తాం? కళాయి పెట్టిస్తాం. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి నాకిచ్చిన తెలివి అదీ!

"ఒసే, అది గిన్నె కాదే!" అన్నారు మా ఆయన అరుగుమీంచి.

"మీకేటి తెలుసు? పేపరు చదువుకోండి."

సాయిబు కవిగారిని కొలిమిమీద కాల్చి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో గిర్రున తిప్పేడు. పొగలోంచి కవిగారు తెల్లగా తళతళలాడుతూ బయటికొచ్చేరు. ముక్కు లేదు. మీసం లేదు. చుట్టూ ఉన్న అక్షరాలు పూడిపోయేయి.

"సూడమ్మా, ఎక్కడా సందు నేకుండా పట్టించేసేను!" అన్నాడు సాయిబు సంబరంగా.

గీకుదామంటే సభకి వేళైపోయింది. పళ్ళెంలో పెట్టి, పైన పట్టుగుడ్డ కప్పి పట్టుకెళ్ళేను. డిప్యూటీ కలెక్టరుగారు గుడ్డ తీసేరు. కళ్ళజోడు సర్దుకున్నారు. పతకాన్ని అటు తిప్పేరు, ఇటు తిప్పేరు.

"అబ్బో, వెండిదే! ఇంతకీ కవిగారు ఇటువైపా, అటువైపా?"

నాయుడుగారు నావైపు చూసేరు. ఆ చూపు సెగకి ఇంకో పతకానికి కళాయి పెట్టొచ్చు! ఆ చూపు తిప్పకుండానే మైకులో నా పేరు పిలిచేరు.

లేచేను. కాగితం విప్పేను. గొంతెత్తి చదివేను: "ఆడదాని చేతిలో అంట్లగిన్నె లాగేసి పుస్తకం పెట్టండి అన్నారు మన కవిగారు!"

ముందు వరసలో మా ఆయన ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. రెండో వాక్యం నాకిక రాలేదు. ఎలా వస్తుంది? నా చేతిలో పుస్తకం పెట్టించిన పాపానికి, ఆ మహానుభావుణ్ణే అంట్లలో వేసి తోమేసేను కదా!