రంగూన్ నుంచి వచ్చిన తట్టు

నా చిన్నప్పుడు బందరులో మా ఇంటి వీధి తలుపు పగటిపూట మూసి ఉండగా, ఒక్క వేసవిలో తప్ప, ఎన్నడూ చూడలేదు. అప్పటికే దివిసీమలోని మా పొలాలు చేయి దాటిపోయాయి. వచ్చిన మనిషిని బయట నిలబెట్టని ఇల్లన్న పేరొకటి మిగిలింది. మా తాతయ్యకు ఆ పేరే ఆస్తి.

ఒక వేసవిలో మా మేనత్త రంగూన్ నుంచి కొడుకుతో ఓడలో వచ్చింది. ఆమె చెప్పే బంగారు గోపురాలు, వెడల్పాటి నది వింటూ నేను అరుగు మీద నిద్రపోయేవాణ్ణి. ఉప్పుగాలి తగిలితే ఓడలోనే ఊగుతున్నట్టుండేది. పిల్లవాడు మాత్రం ఎర్రబడ్డ కళ్ళతో, దగ్గుతూ మంచం దిగలేదు. ఓడ బడలిక అనుకున్నాం. మూడో రోజు చెవుల వెనక దద్దులు తేలాయి. ఓడ ఎక్కే ముందు వారం అక్కడి పక్కింటి పిల్లలకు తట్టు పోసిందని మేనత్త అప్పుడు చెప్పింది.

గుమ్మానికి వేపమండలు కడతానని నానమ్మ అంది. తాతయ్య వద్దన్నారు. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల జబ్బు తెచ్చిందని వీధి అనుకోకూడదట.

మర్నాడు గిలకలదిండి నుంచి చేపలామె వచ్చింది. రోజూలాగే చంకలోని పాపను మా వరండాలో దింపబోయింది. తాతయ్య ఒక్కసారిగా లేచి, ఆమెను ఆపి, తానూ బయటికొచ్చి తలుపు లాగేశారు.

"ఏంటండీ పెద్దయ్యగారూ, నిన్నటి చేప బాలేదా? మొహం మీదే తలుపేస్తారా?"

"చేప బాగానే ఉందమ్మా. లోపల మా మనవడికి తట్టు పోసింది. రంగూన్ నుంచి మేమే తెచ్చాం. నిన్న దాచాను, తప్పు చేశాను."

"ఆ మాట నెమ్మదిగా చెప్పకూడదాండీ? వీధంతా వింటోంది."

"విననీ."

కానీ ముందురోజు కూడా ఆ పాప మా వరండాలో పాకింది. ఆ తర్వాత రెండు వారాలు తాతయ్య అన్నం సరిగ్గా తినలేదు. రోజూ ఇస్త్రీ పంచె కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గిలకలదిండి దాకా నడిచేవారు. వాళ్ళ గుడిసెకు దూరంగా, వలలు ఆరే చోట నిలబడి, "పాపకు జ్వరమేమైనా ఉందా?" అని కేకేసేవారు. ఎండలో ఆ వలలు, వాటి వెనక నీళ్ళు కలిసిపోయి కదులుతున్నట్టు కనిపించేవి.

చివరికి ఒక సాయంత్రం ఆమె పాపను రెండు చేతులతో పైకెత్తి చూపించింది. "చూస్కోండి, ఒక్క దద్దు కూడా లేదు. ఇక తిరగమాకండి, మీ కాళ్ళే అరిగిపోతాయి."

ఎవరికీ తల వంచని మా తాతయ్య ఆమెకు చేతులు జోడించారు.

మొన్న విదేశం వెళ్ళొచ్చిన, ఇంకా టీకా వేయించని మా మనవరాలికి తట్టు అని డాక్టరు చెప్పారు. బయటికి పొక్కనివ్వొద్దని ఇంట్లో అన్నారు. నేను గుడివాడలోని మా అపార్ట్‌మెంట్‌లో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేశాను. మొదటి ఫోన్‌లో మాట గబగబా ముగించేశాను. రెండోదానికి తాతయ్యలాగే నిటారుగా కూర్చుని, మా ఇంటి పేరుతో సహా చెప్పాను.