ఇరవై ఏడు డిగ్రీల లెక్క

మొన్న ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు కంప్యూటరులో ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు గీసి, రైల్వేలో నువ్వు చేసిన పని ఇదేగా దాదూ అంటూ మీట నొక్కితే, మేము పూర్వం లాగరిథం పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కట్టిన నాయిస్ లెక్క, అంటే రొద లెక్క, రెప్పపాటులో తెర మీదకు వచ్చేసింది. పక్కన చిన్న గడిలో ఉష్ణోగ్రత ఇరవై ఏడు డిగ్రీలని దానంతటదే పడి ఉంది. అది చూశాక కాఫీ సహించలేదు. ఆ పిల్లకు చెప్పలేను గానీ, స్తంభాల మీద తీగలు సాగిన రోజులు చూసినవారు మీరు, మీతో చెప్పుకోవచ్చు.

ఎనభైల్లో నేను బిలాస్‌పూర్‌లో టెలికం టెస్ట్‌రూములో ఉండేవాణ్ణి. రైళ్ళను నడిపించే కంట్రోలరు మాట స్టేషన్లన్నిటికీ అందాలంటే, దూరం పోయేకొద్దీ సన్నగిల్లే ఆ గొంతును దారిలో ఆంప్లిఫయర్లు పెట్టి పెంచాలి. చిక్కల్లా ఏమిటంటే, మొదటి ట్రాన్సిస్టరులో పుట్టే పిసరంత రొదను కూడా అవి మాటతో పాటే పెంచేస్తాయి. ఆ పిసరు ఎంతో కాగితం మీద కట్టడమే నా విద్య. ఆ విద్య మీద నాకు పొగరుండేదని ఒప్పుకోవాలి. మా మేనల్లుడికి రాని లెక్క లేదని క్వార్టర్లన్నీ టముకు వేసింది మా మామయ్య, అమ్మకు తమ్ముడు, అదే సెక్షనులో లైన్‌మన్.

ఒక మే నెలలో, మా ఊరికి దగ్గర్లోనే ఉన్న కోటా స్టేషను వైపు లైనులో మధ్యాహ్నమయ్యేసరికి హోరు మొదలైంది. తప్పు ఆంప్లిఫయరుదైతే మా మీదకు వస్తుంది, కాదని మేము రాసిస్తే లైనువాళ్ళ మీదకు పోతుంది, అదీ మా పద్ధతి. ఆంప్లిఫయరు పెట్టె విప్పి తెప్పించి, పొద్దున్నే చల్లటి టెస్ట్‌రూములో కొలిచి, పుస్తకంలో ఉన్న ఇరవై ఏడు డిగ్రీలే వేసి లెక్క కట్టాను. రెండూ అచ్చంగా సరిపోయాయి. దోషం లేదని సంతకం పెట్టి పెట్టె తిరిగి పంపించాను. ఇక మిగిలింది తీగలో ఎక్కడో వదులైన జాయింటే.

మామయ్య ఒక్క మాట ఎదురాడలేదు. “నువ్వు లెక్క కట్టాక ఇంకేటుందిరా, తప్పు నా తీగదే, ఎల్లి సూసొస్తాను” అని, వడగాలి తగలకుండా జేబులో ఉల్లిపాయ వేసుకుని బయల్దేరాడు. హోరు వినబడేది ఎండవేళే కాబట్టి ఆ వేళలోనే స్తంభం స్తంభం ఎక్కి వెతికాడు. మూడో రోజు పట్టాల పక్క కంకర మీద పడి ఉంటే గ్యాంగువాళ్ళు మోసుకొచ్చారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

కర్మకాండ అయ్యాక నేనే కోటా వెళ్ళాను. ఆంప్లిఫయరున్న రేకుల గదిలో థర్మామీటరు నలభై ఎనిమిది చూపిస్తోంది. అవి పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా లోపల లీకయ్యే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుంది, దాంతో రొదా పెరుగుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు, ఆ గది ఎలా ఉంటుందో వెళ్ళి చూడాలన్న బుద్ధి పుట్టక. అక్కడే కూర్చుని మళ్ళీ కట్టాను. వినబడుతున్న హోరంతా లెక్కలోకి వచ్చింది. ట్రాన్సిస్టరు మార్చాను, లైను నిశ్శబ్దమైపోయింది.

ట్రాన్సిస్టరు సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదట ఉద్యోగం పోతుందన్న భయం, నా పిరికితనం. ఆ తరువాత, హోరు సరిగ్గా ఏ రోజు ఆగిందో ఎవరూ లెక్కపెట్టలేదు, జాయింటు బిగించాకే మామయ్య పడిపోయాడని అందరూ అనుకోవడం మొదలుపెట్టారు. క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళోనే తెలిపారా పేటలో అద్దెకు దిగిన అత్తయ్య వచ్చినవాళ్ళందరితోనూ, పోతూ పోతూ లైను బాగుచేసి పోయాడమ్మా అని చెప్పుకునేది. చాలా ఏళ్ళ తరువాత ఒకనాడు, ఆయన బిగించిన ఆ జాయింటు ఒక్కసారి చూపించరా అని అడిగింది. తీసుకెళ్ళి, ఎదురుగా కనబడిన ఏదో ఒక స్తంభం చూపించాను. అత్తయ్య దాన్ని కొంగుతో తుడిచి, తల ఆనించి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

అత్తయ్య కూడా పోయింది. ఆ స్తంభాలు పీకేశారు, మాటలన్నీ భూమిలోని కేబులులో పోతున్నాయి, ఎండలో తీగ వెంట నడిచే పని ఇప్పుడు ఎవరికీ లేదు. ఆ రోజు మామయ్యకూ లేదు.