తడిపిన మడి

టెక్కలి దగ్గర ప్రయోగ పొలంలో కూలికి వెళ్లే దాలమ్మ మాట తక్కువ మనిషి. రోజూ శనగ మడిలో వంగి, వాడిన మొక్కకల్లా ఎర్రదారం కడుతుంది. అడవి శనగతో కలిపి పుట్టించిన మొక్కలవి. నీళ్లు లేకుండా ఏవి నిలబడతాయో తేలాలని యాభై రోజులుగా చుక్క పెట్టలేదు. నిలిచినవాటి విత్తనం వానకే పండే తన మెట్టచెక్కలో వేసుకోవాలని ఆమె ఆశ. నిన్న సాయంత్రం సూపర్‌వైజర్ గిరీష్ పైపుతో మడంతా తడుపుతుంటే పరుగున వచ్చింది.

“ఏటి బాబూ సేత్తన్నావు?”

“రేపు పెద్దసారు వత్తన్నారు. పచ్చగా కనపడాల.”

“మరి దారం కట్టనివాటిల్లో ఏది ఎండని తట్టుకుంటాదో, ఏది నీ నీల్లకి నిలబడిందో ఇంక ఎవుడు సెప్తాడు?” పైపు లాగి అవతల విసిరేసింది. అప్పటికే మడి తడిసిపోయింది.

తెల్లారేసరికి మొక్కలన్నీ తల ఎత్తాయి. పెద్దసారు మురిసిపోయాడు. “యాభై రోజులుగా చుక్క లేదు సార్,” అన్నాడు గిరీష్.

“అబద్ధం బాబూ. నిన్ననే తడిపినాడు,” అంది దాలమ్మ అందరి ముందూ.

పెద్దసారు తన వెంట వచ్చిన కెమెరా అతని వైపు తిరిగి, “ఫొటో తియ్యండి. ఆవిణ్ణీ నిలబెట్టండి,” అన్నాడు.

దాలమ్మ మడి దాటి రోడ్డెక్కింది. ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.