రేసు గెలిచిన కారు

నిన్న బెంజ్ సర్కిల్ షోరూంలో కొత్త కారు తలుపు తీయగానే గుప్పున సీట్ల వాసన. డెబ్బైల్లో ఎండకి తొడలు కాల్చేసిన మన రెక్సిన్ సీట్లు గుర్తున్నాయా?

కంపెనీవాళ్లిచ్చిన ‘రేసు విజేత’ స్టిక్కరు అప్పటి మా కారు వెనకద్దానికి అంటించి, “రేసు గెలిచిన ఆ కారే ఇదీ” అని మురిసిపోయేవారు నాన్నగారు. ఓ రోజు ఆ ధీమాతోనే కాలవ గట్టు మీద జోరుగా తోలుతుంటే గేదెలు అడ్డొచ్చాయి. బ్రేకు మీద నిలబడ్డారాయన. ముందు చక్రం గట్టు అంచుకి వచ్చాక గానీ కారు ఆగలేదు. కింద నిండు కాలవ. ఎవరమూ కదల్లేదు.

నా చెయ్యి వదలకుండా అంది అమ్మ: “ఏవండీ, గెలిచిన కారుకేసిన బ్రేకులే మనకీ వేశారేమో, ఓసారి కంపెనీవాళ్లని అడగండి.”

నాన్నగారు మెల్లగా దిగి, వెనక్కెళ్లి గోళ్లతో స్టిక్కరు గీకేశారు.

“ఇది రేసులు గెలిచిన కారండీ” అన్నాడు నిన్న షోరూం కుర్రాడు.

“ఎంత త్వరగా ఆగుతుందో చెప్పు బాబూ” అన్నాను.