ఒకేలా కనిపించే అంకెలు

మొన్న పొద్దున బాబు టీకా కోసం ఫోన్‌లో వాడి ఇకామా, అదే సౌదీ నివాస కార్డు నంబరు కొడుతుంటే, నా ఉర్దూ కీబోర్డు మీద పడిన అంకెలన్నీ కళ్ళ ముందే ఇంగ్లీషు అంకెలుగా మారిపోయి, మరుక్షణం వాడి పేరు తెర మీదికి వచ్చింది. ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం నోరు చేదయింది.

నాలుగేళ్ళ కిందట, పెళ్ళై కర్నూలు నుంచి సౌదీలోని హుఫూఫ్ వచ్చిన కొత్తలో, ఇళ్ళలో పనికి ఆడవాళ్ళను కుదిర్చే ఒక చిన్న ఆఫీసులో టైపింగుకు చేరాను. అరబీ కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కోలేక, ఇంట్లో అలవాటైన ఉర్దూ కీబోర్డునే వేసుకుని పేర్లూ నంబర్లూ కొట్టేదాన్ని. నాలుగు, ఆరు, ఏడు ఉర్దూలో వేరే రూపంలో పడతాయి కాబట్టి, అవి ఉన్న నంబర్లను మళ్ళీ అరబీ కీబోర్డుతో కొట్టి సరిచేసేదాన్ని. అవి లేని నంబరు చూడ్డానికి అచ్చం ఒకటే, ఇక సరిచేసేదేముంది?

ఆ మూడూ లేని నంబరు, ఒక అరబ్బుల ఇంట్లో పిల్లలను చూసుకునే కడప అక్కది. కూతురికి తొలి కాన్పు, ఏడో నెల. అల్లుడింటి నుంచి పిల్లను తెచ్చుకుని దగ్గరుండి పురుడు పోయాలని, దేశం విడిచి వెళ్ళేందుకు కావలసిన ఎగ్జిట్‌కు అర్జీ పెట్టుకుంది. అప్పుడు నాకూ అయిదో నెల. ఆమె అర్జీ పంపిన ప్రతిసారీ, ఈ నంబరుతో ఎవరూ లేరని మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టేది.

"నీ నంబరే దొంగది. ఎవరి దగ్గర కొన్నవ్?" అన్నాడు మా హైదరాబాదు మేనేజరు.

"నేను దొంగదాన్నయితే ఆరేండ్లు వాళ్ళ పిల్లోల్లను నా చేతిలో ఎందుకు పెట్నారు సార్?" అని నా వైపు తిరిగింది. "నువ్వన్నా చూడు పాపా, సదువుకున్నెదానివి."

చూశాను. ఆమె ఇకామా కార్డునూ నేను కొట్టిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి ఒక్కొక్క అంకెనూ పోల్చి, నా టైపింగులో తప్పేమీ లేదని మేనేజరు ముందే చెప్పాను. ఆ మాటతో ఆయన అనుమానం కార్డు మీదే గట్టిపడింది. అలా రెండు నెలలు గడిచాయి. పిల్ల అత్తగారింట్లోనే కనింది.

ఆ తరువాతి వారం వేరే పని మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నా కంప్యూటర్‌లో ఉర్దూ కీబోర్డు చూసి నవ్వాడు. తెలుగు అంకెలు పది, లావోస్ దేశపు లావో లిపి అంకెలు పది, ఏ లిపి అంకెలకు ఆ లిపివే సంకేతాలుంటాయని పట్టిక తీసి చూపించాడు. అరబీకీ ఉర్దూకీ కూడా విడివిడిగా ఉన్నాయట, మన కంటికి ఒకటే అయినా కంప్యూటరుకు కాదట. నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక అక్క నంబరు అరబీ కీబోర్డుతో కొట్టాను. అర నిమిషం పట్టలేదు, అర్జీ కదిలింది. తానే పెద్దవాళ్ళతో మాట్లాడి చేయించానని మేనేజరు చెప్పుకున్నాడు.

వెళ్ళే ముందు అక్క వచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"నీ కడుపు సల్లగుండ. నువ్వు మల్లా చూడబట్టే అయింది. మా పాప ఫోన్లో సరిగా మాట్లాడల్యా, ఇప్పుడెందుకు వస్తాండావంది."

మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. నా ఉద్యోగానికి ఇంకా ఆరు నెలలు నిండలేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు. పోయి రాక్కా అని మాత్రం అన్నాను. నా కాన్పుకు మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు నన్ను మంచం దిగనివ్వలేదు. బాబుకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా నాకు ఆ దీవెనే గుర్తొచ్చి భయం వేస్తుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఏ లిపి అంకెనైనా తమంతట తామే సర్దుకుంటున్నాయి. అలాంటి అక్కల్లో చాలామంది తమ ఫోన్లోనే అన్నీ చూసుకుంటున్నారు, మధ్యలో నాలాంటి వాళ్ళ అవసరమే లేదు. మంచిదే. నాలా ఆ కుర్చీల్లో కూర్చుని పనిచేసినవాళ్ళకు మాత్రం, ప్రతి నంబరూ ఒక మనిషై బల్లకు అవతల నిలబడేది. తప్పు చేస్తే ఆ ముఖం చూసి ఒప్పుకునే వీలుండేది. నాకు ఆ వీలు దొరికింది. పోయి రమ్మన్నాను.