మోకాలితో ముచ్చట

కైలాసం డాక్టరుకు ఒక్కటే అలవాటు. ఆయన రోగులతో మాట్లాడడు. నొప్పి ఎక్కడుందో ఆ చోటుతో మాట్లాడతాడు. మోకాలు నొప్పి అని వస్తే మోకాలిని పలకరిస్తాడు, భుజం నొప్పి అని వస్తే భుజాన్ని కుశలమడుగుతాడు. ఆ మోకాలికీ భుజానికీ పైన ఒక మనిషి కూర్చుని ఉన్నాడన్న సంగతి, లేచి వెళ్లేటప్పుడు గానీ ఆయనకు గుర్తురాదు.

పటాన్‌చెరు బజారులో తాతల నాటి కిరాణా దుకాణం మీద మేడలోనే ఆయన ఆసుపత్రి. ఆటల్లో దెబ్బలు తిన్నవాళ్లకు వైద్యం. కోత లేదు, కుట్లు లేవు. స్కానింగ్ తెర మీద లోపలిదంతా చూసుకుంటూ, సన్నటి సూదిని సరిగ్గా దెబ్బతిన్న చోటికి పంపిస్తాడు. వచ్చినవాడు అదే పూట ఇంటికి పోవచ్చు. ఆయన పనితనానికి వంక పెట్టినవాళ్లు లేరు. చిక్కంతా ఆ ముచ్చట్లతోనే. ఆ చిక్కు పూర్తిగా నర్సు శివమ్మ నెత్తిన పడింది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా, "సార్ మంచోడే, భయపడకుండ్రి" అని ముందే చెప్పి లోపలికి పంపేది.

ఒకసారి ఒక ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. బ్యాడ్మింటన్ ఆడి మోచేయి పట్టేసింది. టై సర్దుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"మీరు జెర ఆగుండ్రి సార్, మోచెయ్యి చెప్తున్నది" అని డాక్టరు వంగి చెవి పెట్టాడు. "ఆఁ... చెప్పు తల్లీ. గట్లనా? అయ్యో, మరి ఇంట్ల చెప్పినవా?"

మేనేజరు శివమ్మ వైపు చూశాడు. శివమ్మ ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను ఎవరి వైపూ చూడకుండా తిరుగుతోంది.

ఇంకోసారి బీహార్ నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడొకడు, కబడ్డీలో భుజం బెణికి వచ్చాడు. డాక్టరు ఆ భుజాన్ని "క్యా భాయ్, కైసే హో?" అని పలకరించాడు.

"గా పిలగానికి తెలుగు మంచిగనే వస్తది సార్" అంది శివమ్మ.

"పిలగానికొస్తది. భుజం బీహార్ల పుట్టింది గద, దానికెవరు నేర్పిండ్రు?"

వీటన్నిటికీ మించింది పోచయ్య మడమ కథ. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో పరుగు పందెం పరుగెత్తి మడమ వెనక వాపు తెచ్చుకున్నాడు. వైద్యం అయ్యాక ఎట్లా ఉందో చెప్పాలని బస్సులో నుంచి ఫోన్ చేశాడు.

"నువ్వు కాదు పోచన్నా, ఫోన్ మడమకియ్యి" అన్నాడు డాక్టరు.

డాక్టరు మాట కాదనలేక పోచయ్య చెప్పు విప్పి, కాలు మడిచి, ఫోన్ మడమకు ఆనించాడు. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరమ్మ కాసేపు నిలబడి చూసి, "మాట్లాడుడు అయిపోయినంక కాలును కిందికి దిగుమను" అని ముందుకు పోయింది.

ఇలాంటివి విని బజారంతా నవ్వుకునేది. శివమ్మ కూడా నవ్వేది గానీ, మనసులో మాత్రం సారుకు జెర తిక్క ఉందని గట్టిగా నమ్మేది. చిట్కుల్ నుంచి అంజయ్య తన బిడ్డను తీసుకొచ్చిన రోజు దాకా.

అంజయ్య వ్యవసాయం వదిలి మందుల కంపెనీలో చేరిన మనిషి. మాట తక్కువ, గొంతు ఎక్కువ. కూతురు నిషితకు సుల్తాన్‌పూర్‌లో సిరంజీల కంపెనీలో పని, దినమంతా నిలబడి చేసేది. కంపెనీ వాలీబాల్ జట్టులో గాల్లోకి లేచి స్మాష్ కొట్టేది ఆ పిల్లే. ఎగిరి ఎగిరి మోకాలిచిప్ప కింద నొప్పి పట్టుకుంది.

"సార్, మందు తర్వాత" అన్నాడు అంజయ్య కూర్చోకుండానే. "ముందుగాల ఆట బంద్ పెట్టుమని చెప్పుండ్రి. నా మాట ఇంటలేదు. మీరు చెప్తే ఇంటది."

నిషిత తల దించుకుంది.

"ఎప్పటిసంది నొస్తుంది బిడ్డా?" అడిగింది శివమ్మ.

"మొన్నటిసంది" అంది నిషిత, తండ్రి వైపు చూసి.

డాక్టరు స్టూలు లాక్కుని మోకాలి ఎదురుగా కూర్చున్నాడు. "ఏం మోకాలమ్మా, మొన్నటిసందేనా?"

అంజయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవరితోని మాట్లాడుతున్నరు సార్?"

"మీతోని కాదు, ఊకోండ్రి."

మోకాలి మీద చల్లటి జెల్లీ రాసి, స్కానింగ్ మిషన్ ఆనించాడు. మోకాలిచిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి స్నాయువు తెర మీదికొచ్చింది. నున్నగా దువ్విన జుట్టులా గీతలు గీతలుగా ఉంది. ఒకచోట మాత్రం ఉబ్బి, నల్లగా చిక్కుపడి ఉంది.

"ఇది మొన్నటిది కాదు తల్లీ" అన్నాడు మోకాలితో మెల్లగా. "చానా దినాలసంది ఓర్చుకుంటున్నవ్. ఎందుకు చెప్పలే?"

మామూలుగా అయితే జవాబు కూడా ఆయనే చెప్పుకుంటాడు. ఆ రోజు చెప్పలేదు. తెర వైపు చూస్తూ ఊరికే ఉండిపోయాడు.

"చెప్తే ఆట బంద్ చేయిస్తరని భయమైందంట సార్." గొంతు నిషితది. "వానాకాలం నుంచే నొస్తుందంట. గట్టిగ బట్ట కట్టుకొని ఆడిందంట."

"ఆడాలని ఉన్నదా దానికి?"

"చానా ఉన్నదంట."

దూది తీస్తున్న శివమ్మ చేయి ఆగిపోయింది. తండ్రి ఎదుట నోరు మెదపని పిల్ల, మోకాలి పేరు చెప్పి మనసులో ఉన్నదంతా చెప్పేసింది. ఆ దారి సారు వేసి పెట్టాడు. ఎప్పటి నుంచి వేస్తున్నాడో!

అంజయ్య మొహం ఎర్రబడింది. కూతురితో ఏదో అనబోయి ఆగాడు. చివరికి వంగి, మోకాలికే వేలు చూపించాడు.

"గంత నొప్పి దాసుకుంటవా? రేపు నువ్వు ఖరాబైతే నా బిడ్డ ఎట్ల నిలవడుతది, ఎట్ల నడుస్తది? గా సంగతి సోంచాయించినవా?"

నిషిత తలెత్తి తండ్రిని చూసింది. ఇన్నాళ్లూ కోపమనుకున్నది భయమని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

"ఖరాబ్ కాదంట అంజన్నా" అన్నాడు డాక్టరు. "సూదితోని సగం పనే అయితదంట. మిగిలిన సగం కసరత్తు. ఎండాకాలమంతా చెప్పినట్టు చేస్తే మళ్ల ఎగరొచ్చంటుంది. నడుమల తొందరపడితే మాత్రం నాకు సంబంధం లేదంటుంది."

"మాట తప్పదు గద?" అని మోకాలిని అడిగాడు అంజయ్య.

"తప్పదంట నాయినా" అంది నిషిత.

మోకాలికి మత్తు ఇచ్చాక సూది లోపలికి పోయింది. సూది వైపు చూడలేక అంజయ్య తెర వైపు చూశాడు. అక్కడ అది తెల్లటి గీతలా కదులుతూ కనిపించింది. "జెర మెల్లగ పో అవ్వా" అని బతిమాలాడు.

"అది నా సూది" అన్నాడు డాక్టరు కళ్లు తిప్పకుండా. "దానితోని నేను మాట్లాడుత."

నొప్పీ భయమూ మరిచి నిషిత పకపకా నవ్వింది.

వాళ్లు వెళ్లాక గది సర్దుతూ శివమ్మ అంది, "సార్, ఇన్నేండ్లు మీకు తిక్క ఉన్నదనుకున్న."

"ఇప్పుడేమనుకుంటున్నవ్?"

"ఇప్పుడు గూడ అదే అనుకుంటున్న. కానీ ఉండనీయుండ్రి."

ఎండాకాలం పోయింది. డాక్టరు చెప్పిన కసరత్తును నిషిత చెప్పినట్టే చేసింది. ఒక పూట మరిచిపోతే అంజయ్యే మోకాలిని గద్దించేవాడట. వానలు పడ్డాక ఇస్నాపూర్‌లో కంపెనీల మధ్య పోటీలు జరిగాయి. నిషిత జట్టు ఫైనల్లో ఓడిపోయింది. మర్నాడు తండ్రీ కూతుళ్లిద్దరూ, కప్పు గెలిచినంత సంబరంగా మిఠాయి డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

డాక్టరు అలవాటుగా మోకాలి వైపు వంగబోయాడు.

"మీరు జెర ఆగుండ్రి సార్" అన్నాడు అంజయ్య. డాక్టరు కుడిచేతిని తన మోటు చేతుల మధ్య పెట్టుకుని, దాని వైపే చూస్తూ అన్నాడు. "చానా మేలు చేసినవమ్మా. నిన్న నా బిడ్డ గాల్లకు లేస్తుంటే నేను లేచి ఈలేసిన. నా బతుకుల ఎన్నడు ఈలెయ్యలే. సల్లగుండు."

కైలాసం డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుందామంటే చేయి అంజయ్య దగ్గరుంది.

శివమ్మే కల్పించుకుంది. "చెయ్యి విన్నదంట అంజన్నా, సంతోషమంట. ఇగ ఇడువు. బయట ఒక చీలమండ పొద్దటిసంది కూసున్నది."