మార్తమ్మ కళ్లు తెరిచిన ఫోటో

దయ్యాలను నమ్మే మనిషిని కాను. నారాయణఖేడ్‌లో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల పని డ్రోన్లున్న పిల్లలు ఎత్తుకుపోయారు, పాస్‌పోర్టు ఫోటోలు జనం సెల్లుల్లోనే దిగుతున్నారు. ఇక నాకు మిగిలింది పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టివ్వడం. దయ్యాలే ఉంటే ముందుగా నా దుకాణానికే రావాలి. ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. వచ్చినా కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఆ మధ్య నాకూ నా ల్యాప్‌టాప్‌కూ ఒకటే జబ్బు, నీరసం. పొద్దున స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఫోటో తెరిస్తే బిగుసుకుపోయేది. "దాన్నన్నా మార్చు, లేకుంటే దుకాణమన్నా బంద్ చెయ్" అని మా ఆవిడ రోజూ సణిగేది.

బస్ డిపో దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఖాజా మాత్రం, "కొత్తదెందుకు భాయ్? ర్యామ్ పెద్దది ఏస్కో, ఇంకో నాలుగేండ్లు గుంజుతది" అన్నాడు. ర్యామ్ అంటే వేలెడంత పచ్చటి పట్టీ. మనం చేస్తున్న పనిని అప్పటికప్పుడు పట్టుకుని ఉండే మెమరీ అది. అది లేకపోతే ల్యాప్‌టాప్ తెర కూడా వెలగదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

తెప్పించిన పట్టీ వచ్చిన రోజు ఖాజా ఊళ్లో లేడు, బీదర్ పోయాడు. సెల్లులో వీడియో చూసి నేనే మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున మూత విప్పి, పాత పట్టీ ఊడదీసి, మరలతో పాటు ఒక డబ్బా మూతలో పెట్టాను. కొత్తదాని ప్యాకెట్టు చేతిలోకి తీసుకునేసరికి తలుపు తోసుకుని సునీత వచ్చింది.

సునీతది కల్హేర్. చర్చిలో ఆమె పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. వచ్చి నిలబడి, "అన్నా, అమ్మ పోయింది" అంది.

వాళ్లమ్మ మార్తమ్మ. కిడ్నీలు పాడై చాలాకాలంగా దవాఖానల చుట్టూ తిరిగింది. నీరు పట్టి ముఖమంతా వాచిపోయిందట. "ముఖం ఎవ్వరికి సూపిస్తలేం అన్నా, గంత ఖరాబైంది. సాయంత్రం మట్టి చేస్తున్నం. పెట్టె మీద ఫోటో అన్న ఉండాలె గదా" అంది. ఇంట్లో ఒక్క మంచి ఫోటో లేదు. "ఫ్లాష్ అంటే భయం అమ్మకు. ఎప్పుడు తీసినా కండ్లు మూస్తుండె."

సునీత పెళ్లి ఫోటోలన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. గబగబా మూత బిగించి, మరలు తిప్పి, స్విచ్ వేశాను. కొత్త పట్టీ పెట్టాననే అనుకున్నాను. పెట్టానని ప్రమాణం చేయమంటే చేయలేను. తెర వెంటనే వెలిగింది. ఆ మిషన్ అంత చురుగ్గా నడవడం నేను కొన్నప్పుడు కూడా చూడలేదు. ర్యామ్ బాగా పనిచేస్తోందని సంతోషపడ్డాను కూడా.

ఒక్కో ఫోటో తెరిచాను. సునీత నా పక్కనే కూర్చుని, "మూసింది... ఇందుల గూడ మూసింది" అంటూనే ఉంది. చివరికి ఉంగరాలు మార్చుకునే ఫోటో వచ్చింది. పెళ్లికూతురు వెనకాల మార్తమ్మ, మూలన అడ్డంగా ఎవరిదో మోచేయి. మార్తమ్మ నేరుగా మా వైపే చూస్తోంది. కళ్లు నిండుగా తెరిచి ఉన్నాయి.

"గిదే అన్నా. గిదే మా అమ్మ" అని సునీత అప్పుడు ఏడ్చింది. దుకాణంలోకి వచ్చాక అదే మొదటిసారి ఏడవడం. ఇలాంటి ఏడుపులు ఎన్నో చూశాను, నాకిది పని. కానీ ఆ పూట నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ముఖం వరకు కత్తిరించి, మోచేయి చెరిపి, వెనక నీలం రంగు వేసి, ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఇచ్చాను. సునీత దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేను మిషన్ ఆపి, తాళం వేసి, ఇంటికి పోయి పడుకున్నాను.

మర్నాడు స్విచ్ వేస్తే తెర వెలగలేదు. కుయ్ కుయ్ మని కూత తప్ప ఏమీ లేదు. బోర్లించి మూత విప్పాను. పట్టీలు పెట్టే గాడులు రెండు. రెండూ ఖాళీ. పాత పట్టీ డబ్బా మూతలోనే ఉంది. కొత్తది పేపరు కింద దొరికింది, ప్యాకెట్టు సీలు కూడా తెగలేదు.

ఖాజా వచ్చాక చూపించాను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీ బోర్డుకే అతికించి వస్తుందట. నా దాంట్లో అలాంటిదేమీ లేదని మొత్తం విప్పి చూసి చెప్పాడు. "ఇంజిన్ లేకుండ బస్సు జహీరాబాద్ పోయిందంటే ఎవరన్న నమ్ముతరా భాయ్? ఎండకు తిరిగినవా ఏంది?" అని నవ్వాడు. రాత్రి ఎవరో వచ్చి తీశారనుకుందామంటే తాళంచెవి నా జేబులోనే ఉంది. పైగా సీలు మళ్లీ ఎవరు అతికిస్తారు?

కొత్త పట్టీ అతనే బిగించి పోయాడు. నేను సునీతకు చేసిచ్చిన ఫోటో కోసం వెతికాను. లేదు. హడావిడిలో సేవ్ చేయడం మరిచి ఉంటానని సర్దుకున్నాను. సరే, అసలు ఫోటో ఉంది కదా అని పెళ్లి ఫోటోలు తెరిచాను.

అదే ఉంగరాల ఫోటో. అదే మోచేయి. మార్తమ్మ కళ్లు మూసి ఉన్నాయి.

పెద్దది చేసి చూశాను. అలాంటిదే ఇంకొకటి ఉందేమోనని అన్నీ తిప్పి చూశాను. ఉన్నది అదొక్కటే.

నా తల తిరిగిందో, ఆ రోజు కలగన్నానో తెలుసుకోవాలని కల్హేర్‌కు వారం అంగడి రోజు వెళ్లాను. ఫోటో గోడకు ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. సునీత టీ తెచ్చేదాకా దాని ముందే నిలబడిపోయాను.

"అందరు గా ఫోటోతోనే మాట్లాడి పోయిండ్రు అన్నా" అంది. "మా అక్క ఒక్కతే మట్టికి అందలే. అమ్మ ముఖం సూడలేదని ఇప్పటికి ఏడుస్తున్నది. అక్కకు గూడ గిసొంటిదే ఒకటి తీసియ్యే."

నా దగ్గర ఆ ఫోటో లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఫ్రేము దింపి, అద్దం తీసి, వాకిట్లో వెలుతురులో పెట్టి నా కెమెరాతో ఫోటో తీశాను. తీసింది అక్కడ చూసుకోలేదు. కార్డు ఊడదీసి జేబులో వేసుకున్నాను.

ఆ కెమెరా కార్డు నా సొరుగులో ఉంది. ఇంతవరకు తెరవలేదు. మార్తమ్మంటే నాకు భయం లేదు, పాపం ఆమె నన్నేం చేసింది? ఈ కార్డులోనూ కళ్లు మూసి ఉంటే ఆ పెద్దబిడ్డకు ఏం ముఖం పెట్టుకుని ఇవ్వాలి? అదొక్కటే నా బాధ. ఆ పూట ఏం జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు, ఆలోచించే శక్తీ అయిపోయింది.

సునీత ఫోన్ చేస్తూనే ఉంది. "ఏమాయె అన్నా, అక్క అడుగుతున్నది" అంటుంది. "మిషన్ ఖరాబైంది చెల్లె, జర ఆగు" అంటాను. ఎదురుగా మిషన్ స్విచ్ వేయగానే వెలిగి, నా కోసం కాచుకుని ఉంటుంది.